ఉన్న ఉద్యోగం వదిలి ఫ్యాషన్ ఫొటోగ్రఫీలోకి: కోర్సా, అసిస్టెంట్ పనా, సొంత టెస్ట్ షూట్లా?

పదేళ్లో పదిహేనేళ్లో వేరే పని చేసి ఇటువైపు వద్దామనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఏ కెమెరా కొనాలని. కెమెరా అద్దెకైనా దొరుకుతుంది. తేల్చుకోవాల్సింది పని ఎక్కడ నేర్చుకోవాలన్నది. కోర్సులో చేరొచ్చు, ఫొటోగ్రాఫర్ దగ్గర అసిస్టెంట్‌గా కుదరొచ్చు, ఉద్యోగం చేసుకుంటూనే సెలవు రోజుల్లో సొంతంగా టెస్ట్ షూట్లు చేసుకోవచ్చు.

కోర్సుకి నేను వేసే మార్కులు తక్కువే. లైటింగ్ పద్ధతిగా నేర్పుతారు, స్టూడియో చేతికందుతుంది, నిజమే. కానీ పని ఇచ్చేవాళ్లు సర్టిఫికెట్ చూడరు, మీరు తీసిన ఫొటోల్లో మంచివి ఏరి పెట్టుకున్న పోర్ట్‌ఫోలియో తిరగేస్తారు. గురువు గట్టివాడైతే మాత్రం కథ వేరు. పేరుమోసిన ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్లు రిచర్డ్ అవెడాన్, ఇర్వింగ్ పెన్ ఇద్దరూ అలెక్సీ బ్రోడోవిచ్ శిష్యులే, ఆ బ్రోడోవిచ్ హార్పర్స్ బజార్ అనే ఫ్యాషన్ పత్రికకి ఆర్ట్ డైరెక్టర్ కూడా, అంటే పాఠం చెప్పేవాడి చేతిలోనే పని కూడా ఉందన్నమాట. అలాంటి చోటు దొరికితే చేరిపోండి, లేదంటే నాలుగు లైటింగ్ వర్క్‌షాపులు చాలు.

అసిస్టెంట్ పని చూడ్డానికి కూలిపనిలా ఉంటుంది. స్టాండ్లు మోయాలి, వాటి కాళ్ల మీద ఇసుక సంచులు వేయాలి, కెమెరా నుంచి లాప్‌టాప్‌కి వెళ్లే కేబుల్ ఎవరి కాలికీ తగలకుండా నేలకి టేప్‌తో అంటించాలి. కానీ ఎక్కడా దొరకని చదువు అక్కడే ఉంది. ముందు నుంచి ఒంటికి అతికినట్టున్న డ్రెస్ వెనకాల నాలుగైదు క్లిప్పులుంటాయి. వాపసు ఇవ్వాల్సిన బూట్ల అడుగుకి మరకలు పడకుండా, షూట్‌లో బట్టలూ బూట్లూ చూసుకునే స్టైలిస్ట్ టేప్ వేస్తుంది. మానిటర్ ముందు క్లయింట్ మొహం చిట్లిస్తే, ఆ సంగతి మోడల్ దాకా పోకుండా ఫొటోగ్రాఫర్ నవ్వుతూ లైట్ మార్చేస్తాడు. ఇవి ఏ వీడియోలోనూ పూర్తిగా పట్టుబడవు. ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్లలో హెల్ముట్ న్యూటన్ బెర్లిన్‌లో ఇవా అనే ఫొటోగ్రాఫర్ దగ్గర, టిమ్ వాకర్ న్యూయార్క్‌లో అవెడాన్ దగ్గర ఇలా పనిచేసినవాళ్లే. చిక్కల్లా వయసుతోనూ డబ్బుతోనూ. మీకంటే చిన్నవాడు "ఆ లైట్ ఇంకాస్త పైకి" అని పురమాయిస్తాడు, జీతం ఇదివరకటి దానితో పోల్చుకునేలా ఉండదు, ఎక్కువకాలం ఉండిపోతే మీ ఫొటోలు కూడా ఆ ఫొటోగ్రాఫర్ ఫొటోల్లాగే తయారవుతాయి. ఏడాది, మహా అయితే రెండేళ్లు.

టెస్ట్ షూట్లంటే మోడల్, మేకప్ ఆర్టిస్ట్, స్టైలిస్ట్, మీరు, ఎవరూ ఎవరికీ డబ్బులివ్వరు, వచ్చిన ఫొటోలే తలా కొన్ని పంచుకుంటారు. ఫొటోలు ఎప్పటికి ఇస్తారో, ఎవరెక్కడ వాడుకోవచ్చో ముందే రాసుకోండి, తర్వాత గొడవలొచ్చేది అక్కడే. జీతం ఆగదు, టెన్షన్ ఉండదు, మీ సొంత కన్ను ఏమిటో బయటపడుతుంది. కాకపోతే తప్పు చెప్పేవాళ్లుండరు. స్నేహితులు అన్నిటికీ "సూపర్" అనేస్తారు, మీరేమో అదే కిటికీ దగ్గర అదే వెలుతురులో తీస్తూనే ఉంటారు.

మరి ఏది మేలు? మీ పాత పని బట్టలకి ఎంత దగ్గరో చూసుకోండి. ఫొటోగ్రాఫర్లుగా పేరు తెచ్చుకున్నవాళ్లలో ఎలెన్ ఫాన్ ఉన్‌వెర్త్ అంతకుముందు మోడల్, డెబొరా టర్బవిల్ ఫ్యాషన్ ఎడిటర్, బిల్ కనింగ్‌హామ్ టోపీలు తయారుచేసేవాడు. వీళ్లు ఆ ప్రపంచంలోనే ఉన్నారు, చేతికి కెమెరా వచ్చిందంతే. మీరూ టైలరింగ్, మేకప్, మోడలింగ్ లాంటి చోటి నుంచి వస్తుంటే నేరుగా టెస్ట్ షూట్లు మొదలుపెట్టండి. అకౌంట్స్ నుంచో సాఫ్ట్‌వేర్ నుంచో వస్తుంటే, పట్టుబట్ట ఎలా జారుతుందో లినెన్ బట్ట ఎక్కడ ముడతపడుతుందో చూసే కన్ను ఇంకా రాలేదు కాబట్టి అసిస్టెంట్ పనే మేలు, అప్పుడప్పుడు చేసేదైనా సరే. అలాగని పాత అనుభవం వృథా కాదు లెండి. కొటేషన్ వేయడం, ఫొటో ఏ మీడియాలో ఎన్నాళ్లు వాడుకుంటారో ఒప్పందంలో రాయించుకోవడం, బాకీ మర్యాదగా వసూలు చేయడం, ఇక్కడ చాలామంది తడబడేది వీటి దగ్గరే.

రాజీనామా మాత్రం మొదటి పని రాగానే ఇచ్చేయకండి, మొదటిది మొహమాటానికైనా ఇస్తారు. అదే క్లయింట్ డబ్బులిచ్చి రెండోసారి పిలిచాక ఆలోచించండి. అందాకా సెలవులు దాచుకోండి, కేటలాగ్ షూట్లు ఎక్కువగా పనిరోజుల్లోనే పెడతారు, అదనపు చేయి కావాలని ముందురోజు రాత్రి ఫోన్ చేస్తారు.