గేమింగ్ సర్వర్‌లో ఫెమినిజం చర్చ: డిస్కార్డ్ ఎంతవరకు పనికొస్తుంది?

ఆటల సర్వర్‌లో ఫెమినిజం మాట ఎత్తితే ఆ చర్చ ఎక్కువసేపు చర్చగా మిగలదు. ఒకరిద్దరు విసిగిపోయి సర్వర్ వదిలేస్తారు, లేదంటే మోడరేటర్లు (సర్వర్‌ని అదుపులో ఉంచేవాళ్ళు) ఛానెల్‌కి తాళం వేసేస్తారు. తప్పు మనుషులదా, వేదికదా అంటే ఇద్దరిదీ. మనుషుల సంగతి ఎవరి సర్వర్‌లో వాళ్ళు చూసుకోవాల్సిందే కాబట్టి ఇక్కడ వేదిక సంగతి చూద్దాం. 2015లో గేమర్లను దృష్టిలో పెట్టుకుని మొదలైన చాట్ వేదిక డిస్కార్డ్‌లో ఇప్పుడు ఆటోమాడ్ (మెసేజ్‌లను తనంతట తానే జల్లెడ పట్టేది), ఫోరమ్ ఛానెల్, స్లోమోడ్ (మెసేజ్‌కీ మెసేజ్‌కీ మధ్య ఆగాల్సిన విరామం), టైమౌట్ (కాసేపు మాట్లాడనివ్వకపోవడం), ఆడిట్ లాగ్ (మోడరేటర్లు చేసిన పనుల చిట్టా) అన్నీ ఉన్నాయి. వీటిలో దేనికీ నైట్రో (డిస్కార్డ్‌లో డబ్బు కట్టే ప్లాన్) కొననక్కర్లేదు. బూతును ఆపడంలో ఇది గట్టిదే. పక్షపాతం విషయానికొస్తే దాదాపు గుడ్డిది. ఆ తేడా తెలియకుండా అన్నీ ఆన్ చేసి వదిలేస్తే, దెబ్బ తిన్నవాళ్ళ నోరే ముందు మూతపడుతుంది.

ఎలాగో చూడండి. ఒకరు ఇలా రాశారనుకుందాం: "అమ్మాయిలు సపోర్ట్ ఆడుకుంటే చాలు, క్యారీ మాకొదిలేయండి." (సపోర్ట్ అంటే జట్టుకి సాయపడే పాత్ర, క్యారీ అంటే ముందుండి గెలిపించే పాత్ర.) ఇందులో ఒక్క తిట్టూ లేదు కాబట్టి ఆటోమాడ్ కదలదు. దానికి జవాబుగా ఒక ప్లేయర్, నిన్న ర్యాంక్డ్ మ్యాచ్‌లో తనని ఏమన్నారో ఉన్నదున్నట్టు రాస్తే అందులో తిట్టు ఉంటుంది. ఆ మెసేజ్ ఆగిపోతుంది. తిట్టినవాడు ఆటలో ఉన్నాడు, సర్వర్‌లో లేడు. అడ్డు పడింది చెప్పుకోవడానికి వచ్చిన మనిషికి. సమానత్వం మీద చర్చ పెట్టే ప్రతి సర్వర్‌లోనూ మొదట బయటపడే లోపం ఇదే.

దీన్ని సరిచేయాలంటే ఆటోమాడ్ లోపల ఏముందో తెలియాలి. 2022లో వచ్చిన ఈ ఫీచర్‌లో డిస్కార్డే తయారుచేసి ఇచ్చిన మాటల జాబితాలు మూడు ఉన్నాయి: బూతులు, లైంగికపరమైన మాటలు, వర్గాలను కించపరిచే తిట్లు. ఇవి కాక సొంతంగా రాసుకునే కీవర్డ్ రూల్స్ ఆరు వరకు పెట్టుకోవచ్చు. ఒక్కో రూల్‌లో 1000 మాటలు, 10 రెజెక్స్ నమూనాలు (ఒకే మాటను రకరకాల రాతల్లో పట్టుకునే సూత్రాలు) పడతాయి. ఒక్కో మాట 60 అక్షరాలు దాటకూడదు, ఒక్కో నమూనా 260 దాటకూడదు. మాట దొరికినప్పుడు ఏం చేయాలో కూడా మనమే చెప్పాలి: మెసేజ్ ఆపడం, మోడరేటర్ల ఛానెల్‌కి అలర్ట్ పంపడం, టైమౌట్ వేయడం. తయారు జాబితాలకు టైమౌట్ కుదరదు, సొంత రూల్స్‌కి కుదురుతుంది.

ఈ మూడు చర్యలకూ ఒకే రూల్‌లో టిక్ పెట్టేయడం చాలామంది చేసే పని, అక్కడే కథ అడ్డం తిరుగుతుంది. ఆరు రూల్స్ ఉన్నది విడివిడిగా వాడుకోవడానికే. ఒక రూల్ నేరుగా బెదిరించే మాటలకు: ఆపాలి, టైమౌట్ వేయాలి, అలర్ట్ పంపాలి. రెండోది తిట్లకు: ఆపాలి, అలర్ట్ పంపాలి, టైమౌట్ వద్దు. మూడోది పక్షపాతం వాసన వచ్చే మామూలు మాటలకు: అలర్ట్ మాత్రమే, ఆపనే వద్దు. "వంటింటికి పో", "బాయ్‌ఫ్రెండ్ ర్యాంక్ ఎక్కించాడా" లాంటివి ఈ మూడోదాంట్లోకి వస్తాయి. అలర్ట్ వచ్చాక మనిషి వెళ్ళి సందర్భం చూడాలి. ఎందుకంటే అదే మాటను ఒకరు ఎద్దేవాకి వాడతారు, ఇంకొకరు దాని గురించే ఫిర్యాదు చేస్తారు. "ఫెమినిస్ట్" అన్న మాటనే బ్లాక్ జాబితాలో పెట్టేసే సర్వర్లూ ఉన్నాయి. అలాంటివాళ్ళు చర్చ ఛానెల్ ఎందుకు తెరిచారో వాళ్ళకే తెలియాలి.

జరిగింది చెప్పుకోవడానికి వేరే ఛానెల్ పెట్టి, తిట్ల రూల్ నుంచి దాన్ని మినహాయించండి. ఒక రూల్‌కి 50 ఛానెళ్ళు, 20 రోల్స్ (మెంబర్లకు ఇచ్చే హోదాలు) వరకు మినహాయింపు ఇవ్వొచ్చు. బెదిరింపుల రూల్‌కి మాత్రం ఎక్కడా మినహాయింపు ఇవ్వకండి.

తెలుగులో రాసేవాళ్ళకి ఇంకో చిక్కుంది. కీవర్డ్ మామూలుగా మొత్తం మాటతో సరిపోలితేనే పట్టుకుంటుంది. మనకేమో విభక్తులన్నీ మాటకే అతుక్కుంటాయి. "వంటిల్లు" అని పెడితే "వంటింటికి", "వంటింట్లో" రెండూ జారిపోతాయి. "వంటింట" అని రాసి చివర నక్షత్రం గుర్తు పెట్టాలి. అటూ ఇటూ నక్షత్రాలు పెడితే మాట మధ్యలో ఉన్నా పట్టుకుంటుంది గానీ అమాయకమైన మాటలు కూడా వలలో పడతాయి. (వంటల ఆట ఆడేవాళ్ళకి ఛానెల్ ఉంటే ముందే మినహాయింపుల్లో వేసేయండి.) ఇక తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేవాళ్ళు ఒక్కో మాటను నాలుగైదు రకాలుగా రాస్తారు. దీర్ఘాన్ని ఒకసారి ఒక అక్షరంతో, ఇంకోసారి రెండింటితో రాస్తారు. అక్కడ రెజెక్స్ తప్ప దారి లేదు. ఇమేజ్ మీద రాసిన మాటలు కీవర్డ్ రూల్‌కి అందవు. ఆడవాళ్ళ మీద వేసే జోకుల్లో చాలా మీమ్‌లుగానే వస్తాయి కాబట్టి చర్చ ఛానెల్‌లో ఫైళ్ళు జతచేసే అనుమతి తీసేయడం మంచిది. ఆధారాలు లింకుల రూపంలో ఇస్తే సరిపోతుంది.

రూల్ పెట్టాక పరీక్షించేది సర్వర్ ఓనర్ అకౌంట్‌తోనే అయితే "ఆటోమాడ్ పనిచేయట్లేదు" అనిపిస్తుంది. సర్వర్‌ని మేనేజ్ చేసే అనుమతి ఉన్నవాళ్ళని, అడ్మిన్లని ఆటోమాడ్ పట్టించుకోదు. ఏ రోల్ లేని మామూలు అకౌంట్‌తో చూడాలి. ఇందులో ఇంకో అర్థం కూడా దాగుంది: అడ్మిన్ నోరుజారితే ఆపేది ఏదీ లేదు.

చర్చకి ఫోరమ్ ఛానెలే సరైనది. ముందు కమ్యూనిటీ సెట్టింగ్ ఆన్ చేసుకోండి. మామూలు టెక్స్ట్ ఛానెల్‌లో పొద్దున ఒకరు అడిగిన ప్రశ్న మధ్యాహ్నానికి స్కిన్‌ల కబుర్ల కింద కూరుకుపోతుంది, సాయంత్రం వచ్చినవాళ్ళు అదే గొడవ మళ్ళీ మొదలెడతారు. ఫోరమ్‌లో ఒక్కో అంశం ఒక్కో పోస్ట్‌గా ఉంటుంది, పాతది వెతికితే దొరుకుతుంది. ట్యాగులు 20 వరకు తయారుచేసుకోవచ్చు, ఒక పోస్ట్‌కి 5 తగిలించవచ్చు. అన్నీ వాడితే గందరగోళం. "ఆధారం ఉంది", "అభిప్రాయం", "అనుభవం" అన్న మూడు చాలు, ట్యాగ్ తప్పనిసరి అన్న సెట్టింగ్ ఆన్ చేయండి. "అనుభవం" ట్యాగ్ ఉన్న పోస్ట్ కింద "రుజువేది?" అని అడగకూడదన్న ఒక్క నియమం సగం గొడవల్ని తగ్గిస్తుంది.

అనుమతుల్లో పోస్ట్ తెరవడం, పోస్ట్‌లో జవాబివ్వడం వేర్వేరుగా ఉంటాయి. రెండోది అందరికీ ఇచ్చి, మొదటిది కొంతకాలంగా సర్వర్‌లో ఉన్నవాళ్ళ రోల్‌కే ఇవ్వండి. పోస్ట్ పేరు 100 అక్షరాల్లో ముగియాలి, ఆ ఇరుకు మేలే చేస్తుంది. "ఫెమినిజం ఆటల్ని పాడుచేస్తోందా?" అన్న పేరు పెడితే వచ్చేది కేకలే. "వాలరంట్ గేమ్ ఛేంజర్స్ లాంటి విడి టోర్నమెంట్లు దారి తెరుస్తున్నాయా, గోడ కడుతున్నాయా?" అని పెడితే మాట్లాడటానికి పట్టు దొరుకుతుంది. 2021లో ప్రధానంగా మహిళల కోసం మొదలైన ఆ టోర్నమెంట్ గురించి రెండు వైపులా నిజమైన వాదనలున్నాయి. పై స్థాయిలో అమ్మాయిలు ఎందుకు తక్కువ అన్న చర్చ వస్తే దక్షిణ కొరియా ప్లేయర్ గెగురి సంగతి పిన్ చేసి ఉంచండి. 2016లో ఓవర్‌వాచ్‌లో ఆమె గురి చూసి, చీట్ వాడుతోందని తోటి ప్లేయర్లే ఆరోపించారు. కెమెరా ముందు ఆడి చూపించాల్సి వచ్చింది, చీట్ లేదని తేలింది. 2018లో షాంఘై డ్రాగన్స్‌లో చేరి ఓవర్‌వాచ్ లీగ్‌లో ఆడిన మొదటి మహిళ అయింది. "బాగా ఆడితే ఎవరూ ఏమీ అనరు" అనేవాళ్ళు ముందు దీనికి జవాబు చెప్పాలి.

స్లోమోడ్ గురించి చాలామందికి అపోహ ఉంది. 5 సెకన్ల నుంచి 6 గంటల వరకు పెట్టుకోవచ్చు, దాన్ని దాటే అనుమతి ఉన్నవాళ్ళకు వర్తించదు. వేడి తగ్గుతుంది, నిజమే. కానీ అది మనిషికి లెక్క, పక్షానికి కాదు. 2 నిమిషాలు పెట్టారనుకోండి. ఒకవైపు పదిమంది, ఇంకోవైపు ఒక్కరుంటే ఆ 2 నిమిషాల్లో ఆ ఒక్కరి మీద పది జవాబులు పడతాయి, ఆ ఒక్కరూ ఒక్కసారే మాట్లాడగలరు. మూకదాడిని స్లోమోడ్ ఆపదు, మూక ఎదుట నిలబడ్డవాళ్ళ చేతులే ఇంకాస్త కట్టేస్తుంది. ఒక్క పోస్ట్‌కి విడిగా అనుమతులు ఇచ్చే వీలు లేదు, ఛానెల్‌వే దానికీ వర్తిస్తాయి. పోస్ట్‌కి తాళం వేస్తే మోడరేటర్లు తప్ప అందరూ ఆగిపోతారు. కాబట్టి ఇద్దరు ముగ్గురి మధ్య చర్చ కావాలంటే వేరే టెక్స్ట్ ఛానెల్ తెరిచి, "వక్త" రోల్ ఉన్నవాళ్ళకే రాసే అనుమతి, మిగిలినవాళ్ళకి చదివే అనుమతి ఇవ్వాలి. శ్రమే గానీ ఫలితం ఉంటుంది.

వాయిస్ ఛానెల్‌లో చర్చ వద్దే వద్దు. ఆటోమాడ్ మాటల్ని వినదు. హాలో 3 ఆటలో ఒకే మాటల్ని మగ గొంతుతో, ఆడ గొంతుతో వినిపించి చూసిన అధ్యయనం ఒకటి 2013లో వచ్చింది. ఆడ గొంతుకి మూడు రెట్లు ఎక్కువ దురుసు మాటలు ఎదురయ్యాయి. అదే ఆట మీద 2015లో వచ్చిన ఇంకో అధ్యయనంలో అలా విరుచుకుపడింది ఎక్కువగా ఆటలో వెనకబడిన మగవాళ్ళేనని తేలింది. వాయిస్ తప్పదనుకుంటే స్టేజ్ ఛానెల్ వాడండి. అక్కడ చెయ్యెత్తి, పిలిచాకే మాట్లాడాలి.

పోల్ కూడా ఈ విషయానికి పనికిరాదు. ఎవరు దేనికి ఓటేశారో అందరికీ కనిపిస్తుంది. "సర్వర్‌లో వివక్ష ఉందా?" అని పోల్ పెడితే వచ్చేది అభిప్రాయం కాదు, మొహమాటం.

"మహిళలు" అని రోల్ పెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది, ఉద్దేశం మంచిదే. కానీ ప్రొఫైల్ మీద నొక్కితే ఆ రోల్ ఎవరికైనా కనిపిస్తుంది. రోల్‌ని మెంబర్ల జాబితాలో విడిగా చూపించే సెట్టింగ్ కూడా ఆన్‌లో ఉంటే, వేధించేవాళ్ళకి పేర్లు వరసగా పేర్చి ఇచ్చినట్టే. చర్చ ముగిశాక అసలు వేధింపు మొదలయ్యేది డైరెక్ట్ మెసేజ్‌లలో. అక్కడ సర్వర్ ఆటోమాడ్ లేదు, మోడరేటర్లకు కనిపించదు. సర్వర్ పేరు మీద నొక్కి, ప్రైవసీ సెట్టింగ్స్‌లో ఈ సర్వర్ మెంబర్ల నుంచి మెసేజ్‌లు రావడం ఆపేసుకోమని నియమాల్లో మొదటి వాక్యంగానే రాయండి. బెదిరింపు వస్తే డిలీట్ చేసే ముందే ఆ మెసేజ్ మీదనుంచే డిస్కార్డ్‌కి రిపోర్ట్ కొట్టాలి, డిలీట్ అయ్యాక ఆ వీలుండదు. మన బ్యాన్ మన సర్వర్ గుమ్మం వరకే.

చివరికి మిగిలేది మోడరేటర్ల సొంత పక్షపాతం, డిస్కార్డ్ బాగా వెనకబడింది ఇక్కడే. ఎవరు ఎవరికి టైమౌట్ వేశారో, ఎవరి మెసేజ్ తీసేశారో ఆడిట్ లాగ్‌లో ఉంటుంది, కానీ 45 రోజులే. తీసేసిన మెసేజ్‌లో ఏముందో అసలే ఉండదు. "నా స్నేహితుడు జోకేశాడు, ఆమె మాత్రం గొడవపడింది" అన్న తీర్పుని రెండు నెలల తర్వాత సరిచూడాలంటే చేతిలో ఏమీ మిగలదు. అందుకని తీసేసే ముందు స్క్రీన్‌షాట్ తీసి మోడరేటర్ల ఛానెల్‌లో పెట్టడం, టైమౌట్ వేసేటప్పుడు కారణం గడి ఖాళీగా వదలకపోవడం తప్పనిసరి చేయండి. టైమౌట్ 60 సెకన్ల నుంచి వారం వరకు ఉంటుంది. ఒకే తప్పుకి ఒకరికి 5 నిమిషాలు, ఇంకొకరికి రోజు పడుతోందా అన్నది నెలకోసారి లాగ్ తెరిచి చేత్తో లెక్కేసుకోవాల్సిందే, డిస్కార్డ్ ఆ లెక్క తీసివ్వదు. అనుమానం ఉన్న కేసుల్లో మెసేజ్‌లోని మాటల్ని మాత్రం కాపీ చేసి, పేరు చెప్పకుండా ఇంకో మోడరేటర్‌కి చూపించి శిక్ష ఎంతో అడగండి. ఇద్దరి జవాబులూ తరచూ తేడాగా వస్తుంటే మార్చాల్సింది ఆటోమాడ్ సెట్టింగులు కాదు.

మార్కులేయమంటే ఫోరమ్‌కి ఐదుకి నాలుగు, ఆటోమాడ్‌కి మూడు, ఆడిట్ లాగ్‌కి ఒకటిన్నర. కొత్తవాళ్ళ మూకలు రాకుండా వెరిఫికేషన్‌ని హై మీద పెడితే సర్వర్‌లో చేరి 10 నిమిషాలయ్యేదాకా మాట్లాడలేరు. దానిపై స్థాయి ఫోన్ నంబర్ అడుగుతుంది, నంబర్ ఇవ్వడానికి జంకేవాళ్ళే ఈ చర్చలో మాట్లాడాల్సినవాళ్ళు కావచ్చు, అక్కడిదాకా వెళ్ళొద్దు. మోడరేటర్ ఒక్కరే ఉన్న సర్వర్ అయితే ఫోరమ్ తెరవకుండా ఆగండి. వేర్వేరు వేళల్లో మెలకువగా ఉండే ఇద్దరు దొరికాకే మొదటి పోస్ట్ పెట్టండి, ఆ ఇద్దరూ లేని గంటల్లో పోస్ట్‌లకి తాళం వేసి ఉంచండి.