నాసా ఫర్మ్స్ పటం: కార్చిచ్చుకు కారణం వెతికేవారికి ఎంతవరకు ఉపయోగం?

భూమ్మీద ఎక్కడ అడవి అంటుకున్నా, ఉపగ్రహం చూసిన దాదాపు 3 గంటలలోపు దాన్ని చుక్కగా చూపే ఫర్మ్స్ సేవను, కార్చిచ్చులు ఎందుకు పుడతాయో తెలుసుకోవాలన్న ఆసక్తితో కొంతకాలంగా వాడుతున్నాను. రుసుము లేదు, పటం చూడటానికి ఖాతా కూడా అక్కరలేదు. ఉపగ్రహాల్లో అమర్చిన మోడిస్ అనే పరికరం 1 కిలోమీటరు గడిలో, వీర్స్ అనే మరో పరికరం అంతకన్నా చిన్నదైన 375 మీటర్ల గడిలో వేడిని పసిగడతాయి కనుక వీర్స్ చుక్కలనే చూడటం మేలు. అయితే చమురు క్షేత్రాల్లో మండించే వాయువు, అగ్నిపర్వతపు లావా కూడా చుక్కలుగానే కనిపిస్తాయి.

కారణాన్ని మాత్రం మనమే ఊహించుకోవాలి. ఉరుములు మెరుపులు వచ్చి వెళ్ళాక, దారి కూడా లేని కొండల మీద చెదురుమదురుగా చుక్కలు లేస్తే పిడుగును అనుమానించవచ్చు. చినుకులు నేలకు చేరకముందే ఆవిరైపోయే పొడి ఉరుములు మరీ ప్రమాదకరం. కానీ పిడుగు పడిన చెట్టులో నిప్పు రోజుల తరబడి నివురుగప్పి ఉండి, గాలి వీచినప్పుడు రాజుకోగలదు. అందువల్ల చుక్క కనిపించిన తేదీని మాత్రమే నమ్ముకుంటే పొరబడతాము.

మనుషుల వల్ల పుట్టే మంటలు ఇంకా చిక్కు. ఆర్పకుండా వదిలేసిన చలిమంట, అదుపు తప్పిన చెత్తమంట, సిగరెట్ పీక, కావాలని పెట్టిన నిప్పు, అన్నీ ఒకే చుక్క. అమెరికాలో 1992 నుంచి 2012 వరకు నమోదైన కార్చిచ్చుల్లో 84 శాతం మనుషుల వల్ల మొదలైనవేనని 2017లో వెలువడిన అధ్యయనం తేల్చింది. 2018 జులైలో కాలిఫోర్నియాలో ‘కార్ ఫైర్’ అని పేరుపడ్డ కార్చిచ్చు, టైరు దెబ్బతిన్న ట్రెయిలర్ చక్రపు రిమ్ము రోడ్డుకు రాసుకుని లేచిన రవ్వలతో మొదలైంది. అదే ఏడాది నవంబరులో 85 మందిని బలిగొన్న ‘క్యాంప్ ఫైర్’ అనే కార్చిచ్చుకు విద్యుత్ లైనులో అరిగి విరిగిన కొక్కెం కారణం. నేల మీద దర్యాప్తు జరగకపోతే ఈ తేడా తెలిసేదే కాదు.

వీర్స్ ఉన్న ఉపగ్రహాలు స్థానిక సమయం ప్రకారం పగలూ రాత్రీ ఒంటిగంటన్నర ప్రాంతంలో దాటుతాయి కనుక, మధ్యలో పుట్టి ఆరిన మంటలు, దట్టమైన మబ్బుల కిందివి లెక్కకు రావు.

నేను 5కు 4 ఇస్తాను. ఒకటి తగ్గించింది కారణం చెప్పనందుకు కాదు, అది ఉపగ్రహం పని కాదు. ప్రపంచమంతా ఒకే తెరపై చూసినప్పుడు చుక్కలు ఒకదానిపై ఒకటి పడి, ఖండాలే తగలబడుతున్నట్లు కనిపించడం వల్ల.