ఫ్లోరెస్ పల్లెల్లో ఇల్లూ పొలమూ: చంచార్, వాయె రెబో, బేనా

ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవికి వెళ్లేవాళ్లలో చాలామంది లబువాన్ బాజోలో దిగి, పడవెక్కి కొమొడో డ్రాగన్లను చూసి వెనక్కి వచ్చేస్తారు. పల్లె, పంట, భూమి పంపకం మీద ఆసక్తి ఉంటే అక్కడినుంచి తూర్పుగా కొండల్లోకి, మంగ్గరాయ్ జనం ఉండే రుతెంగ్ వైపు పోవాలి. దూరం 130 కిలోమీటర్ల లోపే అయినా మలుపులు ఎక్కువ కాబట్టి నాలుగు గంటలు పడుతుంది. ఇంటి దగ్గరే ఎక్కించుకుని ఇంటి దగ్గరే దింపే షేర్ కార్లుంటాయి, వాటిని అక్కడ ‘ట్రావెల్’ అంటారు. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు ముందు సీటు ముందురోజే మాట్లాడుకోవాలి. డిసెంబరు నుంచి మార్చి దాకా కొండచరియలు విరిగిపడి దారి గంటల తరబడి ఆగిపోతుంది, ఆ నెలల్లో తిరుగు విమానానికి ముందు ఒక రోజు ఖాళీగా ఉంచుకోవడం మంచిది. మే నుంచి సెప్టెంబరు వరకు ఇబ్బంది తక్కువ.

రుతెంగ్‌కి కాస్త ముందే, పడమటి పక్కన చంచార్ వస్తుంది. ఫొటోల్లో కనిపించే సాలెగూడు పొలాలు ఇవే. చారా అనే ఊరి దగ్గర గుట్ట ఎక్కితే మొత్తం కనిపిస్తాయి. ఎక్కేది కొద్దిసేపే. కింద ఒక ఇంట్లో పేరు రాసి కొద్దిగా రుసుము ఇవ్వాలి. పొద్దున తొమ్మిదిలోపు వెళ్లండి, మధ్యాహ్నానికి మబ్బు కమ్ముతుంది. నాట్ల ముందు నీళ్లు పెట్టినప్పుడు గట్లు స్పష్టంగా కనబడతాయి, కోత అయ్యాక అంత తేటగా ఉండవు.

ఈ ఆకారం అందం కోసం పుట్టింది కాదు, ఇది భూమి పంచే పద్ధతి. ఊరి ఉమ్మడి భూమి ఒక్కో తునకను లింకో అంటారు. దాని నడిమధ్య చోటు లోదోక్, అక్కడ తేనో అనే కొయ్య పాతుతారు. పంపకం చేసే పెద్దను తువా తేనో అంటారు. ఆయన ఆ కొయ్య దగ్గర వేళ్లతో కొలిచి ఒక్కో కుటుంబానికి ఇన్ని వేళ్లని ఇస్తాడు. అక్కడినుంచి బయటి హద్దు దాకా గీత సాగదీస్తే ఆ కుటుంబం వాటా, అంటే మోసో, తేలుతుంది. ఊరి పెద్దకి, పెద్ద కుటుంబానికి వేళ్లు ఎక్కువ పడతాయి. కొయ్యకి అర మీటరు దూరంలో రెండు సెంటీమీటర్ల వెడల్పున్న వాటా వంద మీటర్ల దూరానికి వెళ్లేసరికి నాలుగు మీటర్ల వెడల్పవుతుంది, విస్తీర్ణం రెండు వందల చదరపు మీటర్లు, అంటే దాదాపు 240 గజాలు. కాబట్టి నడుమ ఒక్క వేలు అటూ ఇటూ అయితే అంచున పెద్ద తేడానే. తగవులు అక్కడే మొదలవుతాయి.

ఈ పంపకంలో మేలు కూడా ఉంది. ప్రతి వాటా నడుమ నుంచి అంచు దాకా సాగుతుంది కాబట్టి మంచి నేలంతా ఒకరికే, చవిటి నేలంతా ఇంకొకరికే పోదు. మొదట ఇవి మెట్ట పొలాలు, తర్వాత కాలంలో నీరు పారించి వరి మళ్లు చేశారు. ఆకారం మాత్రం మారలేదు. తరాలు గడిచి కొడుకులు పంచుకునే కొద్దీ కొన దగ్గర ముక్కలు సన్నబడి దున్నడానికి వీలు కాకుండా పోతాయి. ఇంకో చిక్కు నీటిది. పై మడి నుంచే కింది మడికి నీరు దిగాలి కాబట్టి ఒకరు నాట్లు ఆలస్యం చేస్తే పక్కవాళ్లూ ఆగాలి.

బస రుతెంగ్‌లోనే పెట్టుకోండి. ఊరు సుమారు 1,200 మీటర్ల ఎత్తులో ఉంది, రాత్రికి స్వెటర్ తప్పదు. చిన్న హోటళ్లకన్నా క్రైస్తవ సన్యాసినులు నడిపే అతిథి గృహాలు శుభ్రంగా ఉంటాయి, వేడినీళ్లు ఉంటాయి, కాని రాత్రి తొందరగా గేటు మూసేస్తారు. డబ్బు ఇక్కడే తీసుకోవాలి, ముందు పల్లెల్లో ఏటీఎం ఉండదు. శాకాహారులు ‘సాయా తిదాక్ మాకాన్ దాగింగ్’ అని చెబితే మాంసం తిననని అర్థమవుతుంది. అయితే చేపనీ, కోడినీ చాలామంది మాంసంలో లెక్కపెట్టరు, అందుకే ‘ఇకాన్’ (చేప), ‘ఆయం’ (కోడి) కూడా వద్దని విడిగా చెప్పాలి. అన్నం, టెంపే (పులియబెట్టిన సోయా గింజల అచ్చు), ఆకుకూర, గుడ్డు ఎక్కడైనా దొరుకుతాయి. మన పచ్చడి సీసా ఒకటి వెంట ఉంటే మంచిదే.

కొండల్లో, నడిచి మాత్రమే చేరగల వాయె రెబో పల్లె వేరే సంగతి. రుతెంగ్ నుంచి దెంగే అనే ఊరి దాకా మూడు నాలుగు గంటల ప్రయాణం, చెక్క బల్లలు బిగించిన లారీలు పొద్దున బయల్దేరతాయి. దెంగే నుంచి అడవి దారిలో నడక రెండు మూడు గంటలు, మొదటి కొంత దూరం మోటార్ సైకిల్ టాక్సీ ఎక్కవచ్చు. దాన్ని ఓజెక్ అంటారు. వానాకాలంలో జలగలు ఉంటాయి, పొడవు సాక్సులు వేసుకోండి. ఊరు కనబడే ముందు చివరి పాకలో వెదురు వాయించి వచ్చామని తెలపాలి. తర్వాత నేరుగా పెద్ద ఇంట్లోకి వెళ్లాలి, అక్కడ వాయెలు అనే స్వాగత తంతు పూర్తయ్యేదాకా ఫొటోలు తీయకూడదు. గైడు లేకుండా వెళ్లేవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే.

ఊళ్లో గడ్డి కప్పిన శంఖు ఆకారపు ఇళ్లు ఏడు, వాటిని మ్బారు నియాంగ్ అంటారు. 2012లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో అత్యున్నత పురస్కారం దీనికి వచ్చింది. ఒక్కో ఇంటికి అయిదు అంతస్తులు. కింద కాపురం, పైన అటక మీద తిండి సామాను, ఆపైన విత్తనాలు, ఇంకా పైన కరువు కాలానికి దాచిన ధాన్యం, చిట్టచివర పూర్వీకులకు నైవేద్యం. రాత్రి బస, భోజనాలు కలిపి మనిషికి సుమారు 3,25,000 రూపియాలు, పగలు మాత్రమే ఉంటే 2,00,000 వసూలు చేస్తూ వచ్చారు. వెళ్లేముందు దెంగేలో ధర అడగండి. వరసగా చాపల మీద అందరూ ఒకే గదిలో పడుకోవాలి, మరుగుదొడ్లు బయట ఉమ్మడివి. ఏకాంతం కావాలనుకునేవాళ్లకి ఇది సరిపోదు, దెంగే హోంస్టేలో ఉండి పగలు వెళ్లి రావడం మేలు. కాఫీ మాత్రం ఊరి ఆడవాళ్ల దగ్గరే కొనండి, ఆ డబ్బు నేరుగా వాళ్లకే చేరుతుంది.

రుతెంగ్ నుంచి తూర్పుగా నాలుగైదు గంటలు పోతే బజావా, దాని దగ్గర ఇనెరీ అగ్నిపర్వతం కింద బేనా అనే పల్లె. మంగ్గరాయ్‌లో భూమి కొడుకులకి పోతుంది, ఇక్కడి ఙదా వాళ్లలో ఇల్లూ వంశమూ కూతురి వైపు నడుస్తాయి. రాతి వేదికల నడుమ తొమ్మిది వంశాల ఇళ్లు, మగ పూర్వీకుడికి గొడుగులాంటి స్తంభం, ఆడ పూర్వీకురాలికి చిన్న ఇల్లు. దారి సులువు, రెండు గంటల్లో చూసిరావచ్చు. వయసు మీరినవాళ్లకి వాయె రెబో కన్నా ఇదే అనువు. కాని భూమి పంపకం కంటికి కనబడేది చంచార్‌లోనే, సమయం తక్కువుంటే బేనా వదిలేసి చంచార్ చూడండి.

బాలిలో విల్లాలు కొనుక్కోవచ్చన్న మాటలు విన్నవాళ్లు ఈ పల్లెల్లో కూడా స్థలం ధర అడుగుతారు. 1960 నాటి ఇండోనేషియా వ్యవసాయ భూమి మూల చట్టం ప్రకారం విదేశీయుడికి పూర్తి యాజమాన్య హక్కు, అంటే హక్ మిలిక్, దక్కదు. ఒక స్థానికుడి పేరు మీద కొని వెనక ఒప్పందం రాసుకుంటే అదే చట్టంలోని 26వ సెక్షన్ దాన్ని చెల్లనిదిగా చేస్తుంది, భూమి ప్రభుత్వానికి పోవచ్చు, కట్టిన డబ్బు తిరిగి రాదు. దొరికేది కౌలు, లేదా వాడకం హక్కైన హక్ పకాయ్. 2021 నిబంధనల ప్రకారం హక్ పకాయ్ 30 ఏళ్లు, దానికి 20 ఏళ్ల పొడిగింపు, ఆపైన 30 ఏళ్ల పునరుద్ధరణ. అది కూడా లింకో భూమి మీద సులువు కాదు. ఊరి ఉమ్మడి హక్కును చట్టమే గుర్తిస్తుంది. భూమి పన్ను రశీదు చూపించి ‘ఇది నాదే’ అన్నా అది పట్టా కాదు, మన దగ్గర ఇంటి పన్ను రశీదు కానట్టే. భూమి శాఖ ఇచ్చే సర్టిఫికెట్ ఉందో లేదో చూడాలి. అన్నదమ్ములందరి సంతకాలు, ఊరి పెద్ద తువా గోలో, తువా తేనోల సమ్మతి లేకుండా కౌలు కాగితం రాయించుకుంటే, పంట చేతికొచ్చే వేళకి నాలుగో తమ్ముడు వచ్చి హద్దు కొయ్య పీకే అవకాశం ఉంది.