జే-జీ అన్‌ప్లగ్డ్‌, కాన్యే లేట్ ఆర్కెస్ట్రేషన్: ముందు ఏది వినాలి?

ర్యాప్ లైవ్ రికార్డింగ్ అంటే నాకు మొదట్నుంచీ అనుమానమే. స్టేజీ మీద వెనక ట్రాక్ మోగుతుంటే, ముందు నలుగురు అరుస్తుంటారు. ఆ అభిప్రాయం మార్చింది అమెరికన్ ర్యాపర్ జే-జీ 2001లో తెచ్చిన లైవ్ ఆల్బమ్ ఎంటీవీ అన్‌ప్లగ్డ్.

ఇక్కడ బీట్ నొక్కడానికి డీజే లేడు. ఫిలడెల్ఫియా బ్యాండ్ ద రూట్స్ మొత్తం వాయించింది, డ్రమ్స్ మీద క్వెస్ట్‌లవ్. మొదట్లోనే జే-జీ దీన్ని తన కవితాపఠనమని సరదాగా పరిచయం చేస్తాడు. 'హార్ట్ ఆఫ్ ద సిటీ' వినండి. స్టూడియో పాటలో గాయకుడు బాబీ బ్లాండ్ పాత గొంతు శాంపిల్‌గా, అంటే పాత రికార్డులోంచి తీసుకున్న ముక్కగా వస్తుంది. ఇక్కడ ఆ చోట గాయని జాగ్వార్ రైట్ ఎదురుగా నిలబడి పాడుతుంది. ఆమె గొంతెత్తేసరికి పాట చేతులు మారినట్టే. ఒకే గదిలో ఉన్నవాళ్లు ఒకరినొకరు వింటూ వాయిస్తున్నారని తెలిసిపోతుంది.

తమాషా ఏంటంటే, ఆ పాట స్టూడియో బీట్ కట్టింది ర్యాపర్, నిర్మాత కాన్యే వెస్ట్. ఆయన సొంత లైవ్ ఆల్బమ్ లేట్ ఆర్కెస్ట్రేషన్ లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో 2005లో రికార్డయింది. అందరూ ఆడవాళ్లే ఉన్న తీగవాద్య బృందం వెనకుంది. వినడానికి దర్జాగా ఉంటుంది. కానీ చాలాచోట్ల వయొలిన్లు అసలు బీట్ మీద పట్టుశాలువా కప్పినట్టు ఉంటాయి, పాట లోపలికి దిగవు.

వీడియోగా చూస్తానంటే కాన్యేది పెట్టుకోండి. ఇయర్‌ఫోన్స్‌లో అయితే జే-జీదే, అదీ కాస్త సౌండ్ పెంచి.