వెనక డిస్కులు వేయించాక నాలుగేళ్లు: బ్రేకులు బాగున్నాయి, హ్యాండ్ బ్రేకే ఏడిపించింది

నా 1966 ఫోర్డ్ మస్టాంగ్ కారుకి వెనక డ్రమ్ము బ్రేకులు తీయించి డిస్కు బ్రేకులు వేయించి నాలుగేళ్లు దాటింది. ముందు చక్రాలకి అంతకుముందే డిస్కులున్నాయి. వేయించిన కొత్తలో ఎవరడిగినా కళ్లు మూసుకుని వేయించుకోండని చెప్పాను. ఇప్పుడంత గట్టిగా చెప్పలేను, దానికి కారణం ఒక్క హ్యాండ్ బ్రేకే.

నేను కొన్న కిట్‌లో హ్యాండ్ బ్రేక్ క్యాలిపర్‌లోనే (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) ఉంటుంది. కేబుల్ లాగితే క్యాలిపర్ వెనక చిన్న లీవర్ తిరుగుతుంది, లోపలున్న మర పిస్టన్‌ని తోస్తుంది, ప్యాడ్లు డిస్కుని పట్టుకుంటాయి. కానీ డ్రమ్ము దారి వేరు. బండి కదలబోతే ఆ తిరుగుడే డ్రమ్ము లోపల రాసుకునే షూని లాక్కుని ఇంకా బిగిస్తుంది. అందుకే డాష్‌బోర్డు కింద ఆ పాత పిడి ఒక్కసారి లాగితే బండి కట్టేసినట్టు నిలబడేది. డిస్కుకి ఆ గుణం లేదు, మనం ఎంత లాగితే అంతే పట్టు.

ఈ తేడా నాకు మూడో నెలలో తెలిసొచ్చింది. మేముండేది శాన్‌హోసేలో తూర్పు కొండల వైపు, ఇంటి ముందు బండి ఆపే చోటు బాగా వాలు. ఊరి నుంచి నాన్నగారు వచ్చి ఉన్నారు, ఆయన్ని మౌంట్ హామిల్టన్ పైన లిక్ అబ్జర్వేటరీకి తీసుకెళ్లి, కొండ దిగి సాయంత్రం ఇంటికొచ్చాం. హ్యాండ్ బ్రేక్ లాగి, గేరు వేయకుండానే దిగాను, పది నిమిషాల్లో గ్యారేజీలో పెట్టేద్దామని. నీళ్లు తాగి బయటికొచ్చేసరికి బండి దానంతట అది వెనక్కి జారుతోంది. పరుగెత్తి తలుపు తీసి లోపలికి దూరి బ్రేకు తొక్కితే, పక్కింటివాళ్ల పోస్టు డబ్బాకి జానెడు దూరంలో ఆగింది. వేడెక్కిన డిస్కులు, ప్యాడ్లు చల్లారి ముడుచుకునే కొద్దీ పట్టు సడలుతుందని నాకప్పటికి తెలీదు. నాన్నగారు ఒక్క మాటా అనకుండా పూలమొక్కల గట్టు నుంచి ఒక రాయి తెచ్చి టైరు కింద పెట్టారు. తర్వాత లోపలికొచ్చి, "గుడివాడలో అంబాసిడర్ నడిపినన్నాళ్లూ వాలులో ఆపితే రాయి పెట్టకుండా దిగలేదురా, నువ్వూ పెట్టు" అన్నారు.

బిగించిన షాపువాళ్లని అడిగితే కేబుల్ వదులుగా ఉందని ఇంకా బిగించారు. అక్కడే అసలు నష్టం జరిగింది. ఈ రకం క్యాలిపర్లలో ప్యాడ్లు అరిగిన కొద్దీ పిస్టన్ ముందుకి సర్దుకోవాలంటే హ్యాండ్ బ్రేక్ లాగి వదులుతూ ఉండాలి, వదిలిన ప్రతిసారీ లీవర్ పూర్తిగా వెనక్కి రావాలి. కేబుల్ బిగుతుగా ఉంటే అది రాదు. పైగా నేను బండి తీసేది వారాంతాల్లోనే, మిగతా రోజులు గ్యారేజీలో హ్యాండ్ బ్రేక్ వేయకుండా ఉంచుతాను (షూలు డ్రమ్ముకి అంటుకుపోతాయన్న పాత భయం అలాగే ఉండిపోయింది). దాంతో ప్యాడ్‌కీ డిస్కుకీ మధ్య సందు పెరిగి పెడల్ నెలనెలా కిందికి దిగసాగింది. బ్రేకు గొట్టాల్లో ఎయిర్ చేరిందేమోనని రెండుసార్లు ఎయిర్ తీశాం, బ్రేక్ ఆయిల్ పోయింది తప్ప ఫలితం లేదు. పాత డ్రమ్ములైతే రివర్సులో బ్రేకు తొక్కినప్పుడు వాటంతట అవే సర్దుకునేవి.

చివరికి ఒక ఆదివారం నేనే బండి కింద దూరి కేబుల్ ఊడదీసి, స్పానర్‌తో లీవర్‌ని లాగుతూ వదులుతూ కూర్చున్నాను. ఒక్కో లాగుడికీ పిస్టన్ వెంట్రుకవాసి బయటికొస్తుంది. ప్యాడ్‌కీ డిస్కుకీ మధ్య పోస్టుకార్డు కూడా పట్టనంత దగ్గరికి తెచ్చి, లీవర్ వెనక్కి పూర్తిగా ఆనుకునేలా చూసుకుని అప్పుడు కేబుల్ తగిలించాను. పెడల్ పైకొచ్చేసింది. అప్పటినుంచి సమతలంలో కూడా ఆపినప్పుడల్లా హ్యాండ్ బ్రేక్ లాగుతున్నాను, పెడల్ మళ్లీ దిగలేదు. వాలులో మాత్రం గేరు వేసి, చక్రాలు కర్బుకి (రోడ్డు అంచు గట్టుకి) ఆనేలా తిప్పాకే దిగుతాను. శాన్‌ఫ్రాన్సిస్కోలో 3 శాతం దాటిన వాలులో అలా తిప్పడం ఎలాగూ నిబంధనే.

బ్రేకులు ఎలా ఉన్నాయంటే, కొండ దిగేటప్పుడు నిజంగా హాయి. మౌంట్ హామిల్టన్ పైన దాదాపు 4,200 అడుగుల ఎత్తు నుంచి మలుపులు తిరుగుతూ దిగితే, డ్రమ్ములతో సగం దారిలోనే వాసనొచ్చి పెడల్‌కి బలం చాలేది కాదు. ఇప్పుడు ఆ టెన్షన్ లేదు. కాకపోతే ఆ మెచ్చుకోలంతా వెనక డిస్కులకే ఇచ్చేయడం న్యాయం కాదు. డిస్కులు వేయించిన వారంలోనే పాత సింగిల్ మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాల వైపు తోసేది) తీసేసి రెండు గదులది వేయించాను, గొట్టాలన్నీ మార్చాను, ఆయిల్ కొత్తది పోశాను. బ్రేకు భారంలో ఎక్కువ భాగం మోసేది ఎలాగూ ముందు చక్రాలే. ఊళ్లో మామూలుగా నడిపేటప్పుడు బండి ఇదివరకటి కంటే తక్కువ దూరంలో ఆగుతోందని ప్రమాణం చేసి చెప్పలేను.

ఇంకో సంగతి, మాస్టర్ సిలిండర్ కొనేటప్పుడు వెనక లైనుకి డ్రమ్ముల కోసం పెట్టే, పెడల్ వదిలాక కూడా ఆయిల్‌లో కాస్త ఒత్తిడి నిలిపి ఉంచే ప్రెషర్ వాల్వు లేనిది తీసుకోండి. నాకు మొదట అది ఉన్నదే వచ్చింది, పెడల్ వదిలినా ప్యాడ్లు డిస్కుని రాసుకుంటూనే ఉండేవి.

మీకు ముందు డిస్కులుండి, కొండదారుల జోలికి పెద్దగా వెళ్లరంటే వెనక డ్రమ్ములే ఉంచి కొత్త షూలు, వాటిని తోసే కొత్త వీల్ సిలిండర్లు వేయించుకోండి. నాలా వారాంతాల్లో కొండలెక్కేవాళ్లయితే డిస్కులు వేయించుకోవచ్చు, కానీ హ్యాండ్ బ్రేక్ ఏ రకమో ముందు కనుక్కోండి. 1995 తర్వాతి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వెనక యాక్సిల్‌కి డిస్కు మధ్యలో చిన్న డ్రమ్ము, చిన్న షూలు ఉంటాయి, అవి హ్యాండ్ బ్రేక్‌కే. మళ్లీ చేయించాల్సి వస్తే ఖర్చు ఎక్కువైనా నేను అదే రకం వేయించుకుంటాను, మా ఇంటి ముందు వాలు అలాంటిది.