మామిడి తోటలకు వెళ్లాలంటే డిసెంబరు వానల సంగతి అడగండి

వేసవి సెలవులు కదా అని మే నెలలోనే చిత్తూరు తోటలకు బయలుదేరేవాళ్లు ఎక్కువ. నన్నడిగితే జూన్ రెండో సగం మేలు. మేలో బేనీషా (బంగినపల్లి) దొరుకుతుంది, కాదనను. కానీ ఈ ప్రాంతానికి అసలు పంట తోతాపురి. దాని కోత జూన్, జూలైలలో. అదీ ఏటా ఒకే తేదీకి రాదు. ఏ వారంలో వెళ్లాలో తేల్చేది ఎండాకాలం కాదు, అంతకుముందు పోయిన చలికాలం.

మేం తిరుపతిలో దిగి చంద్రగిరి, పాకాల మీదుగా దామలచెరువు చూసుకుని చిత్తూరు చేరాం. తిరుపతిలో టీటీడీ గదులు దొరికితే అంతకు మించింది లేదు. విష్ణు నివాసం రైల్వే స్టేషన్ ఎదురుగానే, శ్రీనివాసం బస్టాండు దగ్గర. సెలవుల్లో దొరకడమే కష్టం. అయితే తోటలు చూడాలంటే తెల్లారేసరికి అక్కడ ఉండాలి, తిరుపతి నుంచి చిత్తూరు డెబ్భై కిలోమీటర్లు. అందుకే చిత్తూరులో ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది. రాత్రి కరెంటు పోతే జనరేటరు మెట్ల దగ్గర లైట్లకే తప్ప గదులకు ఇవ్వలేదు. బిల్లులో మాత్రం ఏసీ రాత్రంతా పనిచేసింది! పిల్లలతో వెళ్లేవాళ్లు కాణిపాకంలో దిగడం నయం. చిత్తూరుకు పన్నెండు కిలోమీటర్లలోపే, పొద్దున్నే వినాయకుడి దర్శనమూ అవుతుంది.

బంగారుపాళెం దగ్గర మా స్నేహితుడి పెదనాన్నకు తోట ఉంది. తెల్లారకముందే చిక్కాలతో కాయలు దించుతున్నారు. తొడిమ వేలెడు పొడుగు ఉంచి కోయాలట, లేకపోతే సొన కారి కాయ మీద నల్లగా చారలు పడతాయి. ఒకే చెట్టుకు అరచేతిలో ఇమిడే లేత కాయలు, పక్క కొమ్మకు కోతకొచ్చిన పెద్ద కాయలు. ఇదేమిటి పెదనాన్నా అంటే, "ఈ తూరి పూత మూడు విడతలుగా వచ్చింది నాయనా, అందుకే కోతా మూడు విడతలే. కూలీ మూడింతలు" అన్నాడు.

కారణం ఆయనే విడమరిచి చెప్పాడు. పూతకు ముందు మామిడికి నీటి ఎద్దడి కావాలి, కొమ్మ ముదరాలి, రాత్రిళ్లు చలి తగలాలి. ఈశాన్య రుతుపవనాలు నవంబరుతో సర్దుకుంటే డిసెంబరు, జనవరిలో పూత ఒక్కసారిగా విచ్చుకుంటుంది. డిసెంబరులో తుపాను వచ్చి నేల తడిసిందా, పూత రావాల్సిన చోట ఎర్రటి చిగురు వస్తుంది. ఆ చిగురు ముదిరేదాకా పూత ఆగాల్సిందే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను ఈ వైపంతా తడిపింది. అలాంటి వాన పూతకు ముందు ఎవరికీ వద్దు.

పూత వచ్చాక మంచు, మబ్బు పడితే ఇంకో తలనొప్పి. బూడిద తెగులు, తేనెమంచు పురుగు. ఆ పురుగు కార్చే జిగురు మీద మసి పట్టి ఆకులు నల్లబడతాయి. ఆయన ఒక ఆకు తుంచి వేలితో రుద్ది చూపించాడు, వేలికి బొగ్గు రాసినట్టు అంటుకుంది. ఇవన్నీ దాటిన పిందెను ఏప్రిల్, మేలలో గాలివాన రాలుస్తుంది.

ఇంత చెప్పాక మంచి వాతావరణమే కోరుకుంటారనుకున్నాను. ఆయన నవ్వేశాడు. కాపు విరగకాసిన 2025లో తోతాపురి ధర పడిపోయి, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. కిలోకు ఫ్యాక్టరీలు ఎనిమిది, ప్రభుత్వం నాలుగు, మొత్తం 12 రూపాయలన్నారు.

మధ్యాహ్నం ఆయన ఇంట్లో రాగిసంగటి, ఊరుబిండి (వేరుశనగ పచ్చడి). దాని ముందు హైవే హోటళ్లు దండగ.

కొనడానికైతే దామలచెరువు మండీలు చూసి తీరాలి, కాని అక్కడ వ్యాపారం టన్నుల్లో. బుట్టెడు కావాలంటే పక్కనున్న చిల్లర కుప్పల దగ్గర అడగండి. రోడ్డు పక్క దుకాణాల్లో అన్నీ ఒకే రంగులో పసుపుపచ్చగా మెరుస్తుంటే నేను వదిలేస్తాను. కార్బైడుతో మాగబెట్టడం నిషేధం, ఇథిలీన్ గ్యాసుకే అనుమతి ఉంది, కానీ రోడ్డు పక్క ఎవరు తనిఖీ చేస్తారు? పచ్చివి కొని ఇంట్లో వరిగడ్డిలో పెట్టుకోవడం మేలు.

కారు అద్దెకు తీసుకుంటే వెయిటింగ్ చార్జీ ముందే మాట్లాడుకోండి, తోటలో గంటలు తెలియకుండా పోతాయి. ఇద్దరే అయితే చిత్తూరు దాకా ఆర్టీసీ బస్సు, అక్కడి నుంచి ఆటో చాలు. నీలం రకం మామిడి కావాలంటే జూలై దాకా ఆగాలి. వానలు పడ్డాక కొంటే ఒక కాయ అక్కడే కోయించి చూడండి. పైకి నున్నగా ఉన్నా నీలంలో టెంక పురుగు ఉండొచ్చు.