జపాన్ గైడ్‌బుక్: ఐదేళ్లు వాడాక నాకు ముఖ్యమనిపించిన నాలుగు పేజీలు

2019లో ఆఫీసు పని మీద టోక్యో వెళ్లే ముందు ఈ గైడ్‌బుక్ కొన్నాను. మళ్లీ 2024 నవంబరులో అమ్మను తీసుకుని వెళ్లినప్పుడు కూడా ఇదే పట్టుకెళ్లాను. మ్యాపులు, హోటళ్లు, ఫొటోలు అన్ని గైడ్‌బుక్కుల్లోనూ ఉండేవే. నాకు దీని మీద ఇంత ఇష్టం కలగడానికి కారణం చివర్లో ఉన్న నాలుగు పేజీలు. తిండికి సంబంధించిన మాటలు, ప్రశ్నలు జపాన్ లిపిలో పెద్ద అక్షరాలతో వేసి, పక్కనే ఏ వంటలో ఏం కలుస్తుందో వివరించారు.

అమ్మకు అరవై ఆరేళ్లు. గుడ్డు కూడా ముట్టదు. క్యోటోలో రెండో రోజు మధ్యాహ్నం, నడిచి నడిచి ఆకలేసి ఒక చిన్న ఉడాన్ (పులుసులో వేసిచ్చే లావుపాటి గోధుమ నూడుల్స్) కొట్లోకి వెళ్లాం. ఫోన్‌లోని అనువాదం యాప్‌తో "మాంసం, చేప ఉన్నాయా?" అని అడిగితే, లేవని కొట్టు ఆవిడ నవ్వుతూ చెప్పింది. గిన్నెలు వచ్చాయి. పులుసు వాసన చూసి అమ్మ ఆగిపోయింది. "ఏమే, ఇది ఏదోలా ఉంది. మళ్లీ ఒకసారి అడుగు" అంది.

అప్పుడు ఆ పేజీలు తీశాను. ఉడాన్ పులుసుకి దాషి అనే నీళ్లు ఆధారమని, దాన్ని ఎక్కువగా కత్సుఓబుషి, అంటే ఎండబెట్టిన చేపను పొరలుగా చెక్కి, కాచి తీస్తారని అందులో ఉంది. ముక్క కనిపించదు కాబట్టి "చేప ఉందా" అంటే లేదనే చెప్పొచ్చు, పులుసు దేనితో కాచారో అడగండి అని కూడా రాశారు. ఆ ప్రశ్న మీద వేలు పెట్టి చూపించాను. ఆవిడ చదివి, రెండు చేతులూ అడ్డంగా కలిపి, వద్దన్నట్టు చూపి గిన్నెలు వెనక్కి తీసుకెళ్లిపోయింది.

కాసేపటికి తెల్లన్నం, చల్లని టోఫు (సోయా పాలతో చేసే పనీర్ లాంటిది), ఉమెబోషి అనే ఉప్పులో ఊరబెట్టిన పుల్లటి పండు తెచ్చి పెట్టింది. టోఫు మీద మామూలుగా ఆ చేప పొరలే చల్లుతారట, అవి లేకుండా తెచ్చింది. ఉమెబోషిని కొంచెం కొరికి "మన ఉప్పులో ఊరిన ఉసిరికాయలా ఉందే" అని అమ్మ అన్నంలో నలిపి కలుపుకుంది. ఉడాన్ డబ్బులు ఎంత చెప్పినా ఆవిడ తీసుకోలేదు. ఆ పూట అమ్మ కడుపు నిండా తినడం చూసి నాకు కళ్లు చెమర్చాయి.

బౌద్ధ గుళ్లున్న కొండ ఊరు కోయాసాన్ సంగతి కూడా ఆ పేజీల్లోనే దొరికింది. ఒసాకా నంబా నుంచి రైలు, ఆ తర్వాత కేబుల్ కారు, కొండ మీద బస్సు. రాత్రికి గుడిలోనే బస. అక్కడి సన్యాసుల భోజనం షోజిన్ ర్యోరిలో చేప, మాంసమే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. దాషి కూడా కొంబు అనే సముద్రపు నాచుతో, ఎండు పుట్టగొడుగులతో తీస్తారు. నువ్వులతో చేసిన గోమా దోఫు అమ్మకు ఎంతో నచ్చింది. "కార్తీకమాసం వంటలా ఉంది" అంది. మేము వెళ్లింది కూడా కార్తీకంలోనే.

ఐదేళ్ల పాత పుస్తకం కదా, ధరల విషయంలో మాత్రం దాన్ని నమ్మి ఇబ్బంది పడ్డాను. 7 రోజుల రైలు పాస్ 30,000 యెన్‌ల లోపే అని చూసి బడ్జెట్ వేశాను. 2023 అక్టోబరులోనే అది 50,000 అయ్యిందని బుకింగ్ చేసేటప్పుడు తెలిసింది. క్యోటోలో బస్సుల ఒక్కరోజు పాస్ అడిగితే, అది ఇప్పుడు లేదు, బస్సు, సబ్‌వే కలిపి 1,100 యెన్‌ల పాస్ ఉందన్నారు. పాస్‌ల పేజీలు చదివి మొదటి ప్రయాణంలో నేను ఎంతో మెచ్చుకున్నాను. ఇప్పుడైతే అవన్నీ ఫోన్‌లోనే చూసుకుంటాను.

అన్నీ తినేవాళ్లకు, ఒక్కరే తిరిగే కుర్రాళ్లకు ఇంత బరువు మోయాల్సిన అవసరం ఉండకపోవచ్చు. చేప తినే మా తమ్ముడైతే ఫోన్‌తోనే హాయిగా తిరిగొస్తాడు. శాకాహారులైన పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు మాత్రం, కొత్త ఎడిషన్ దొరికితే కొనండి.

వచ్చే ఏడాది అమ్మతో వియత్నాం అనుకుంటున్నాం. కొట్లో పుస్తకం చేతిలోకి తీసుకోగానే చివరి పేజీలు తిప్పుతాను, చేప సాస్ సంగతి రాశారో లేదో చూడాలి.